పట్టాల పక్కన వదిలేసిన ఇంజిన్ల గురించి రైల్వే బోర్డుకు బహిరంగ లేఖ

రైల్వే బోర్డు ఛైర్మన్ గారికి, అన్ని జోన్ల జనరల్ మేనేజర్లకు,

నమస్కారం.

పెద్ద రైలు ప్రమాదం జరిగిన రెండు మూడు రోజులకు పేపర్లలో ఒక ఫొటో వస్తుంది. బాగుచేసిన లైను మీద మొదటి గూడ్సు బండి మెల్లగా కదులుతుంటుంది. రాత్రింబవళ్లు పనిచేసి అలిసిపోయిన సిబ్బంది చేతులు జోడించి చూస్తుంటారు. ఆ ఫొటోలోనే ఓ పక్కగా, గట్టు దిగువన, ముందుభాగం నలిగిపోయిన ఇంజిన్ ఒరిగి ఉంటుంది. లైను ఎన్ని గంటల్లో తెరిచారో వార్తలో రాస్తారు. ఆ ఇంజిన్ గురించి మాత్రం ఒక్క వాక్యం ఉండదు. తర్వాత దాన్ని ఏం చేశారో కూడా ఎవరూ చెప్పరు. అది చెప్పమని అడగడానికే ఈ లేఖ.

నేను లోకో షెడ్డు పక్కనున్న రైల్వే కాలనీలో పెరిగాను. మా ఇళ్లల్లో ఇంజిన్‌కు నంబరే పేరు. ఫలానా నంబరుది మంచి బండి, లోడు ఎంతున్నా లాగుతుంది అనీ, ఫలానా దానికి బ్రేకు కాస్త చూసుకుని వేయాలి అనీ డ్యూటీ దిగి వచ్చిన పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే వినేవాళ్లం. అర్ధరాత్రి షెడ్డులో సైరన్ మోగితే ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టి, యాక్సిడెంట్ రిలీఫ్ ట్రైన్ బయల్దేరుతోందని తెలుసుకునేవాళ్లం. అప్పుడు లైను మీద ఉన్నవాళ్ల ఇళ్లల్లో తెల్లవార్లూ ఎంత టెన్షన్ ఉండేదో ఆ కాలనీల్లో బతికినవాళ్లకు తెలుసు. అందుకే గట్టు కింద పడి ఉన్న ఇంజిన్‌ను మేము ఇనుముగా చూడలేం. అందులో మనిషి కూర్చుని ఉండేవాడు. చాలాసార్లు మొదట పోయేది అతని ప్రాణమే.

బహనాగా సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. అయినా ఆ ఉదాహరణే తీసుకుంటాను, ఎందుకంటే దాని వివరాలు దేశమంతా చూసింది. 2023 జూన్ 2 సాయంత్రం ఒడిశాలోని బాలేశ్వర్ జిల్లా బహనాగా బజార్ స్టేషన్‌లో, మెయిన్ లైనులో నేరుగా వెళ్లిపోవాల్సిన షాలిమార్–చెన్నై కోరమండల్ ఎక్స్‌ప్రెస్, స్టేషన్‌లో బండ్లు పక్కన ఆపే లూప్ లైనులోకి మళ్లి, అక్కడ ఆగి ఉన్న గూడ్సును ఢీకొట్టింది. గూడ్సు నిండా ఇనుప ఖనిజం. అంత బరువుతో ఉన్న బండి కదల్లేదు, దెబ్బంతా కోరమండల్ మీదే పడింది. 123 టన్నుల బరువుండే డబ్ల్యూఏపీ-7 ఇంజిన్ గూడ్సు వ్యాగన్ మీదికి ఎక్కిపోయింది. 290 మందికి పైగా చనిపోయారు. ఆ బండి మన కోస్తా జిల్లాల మీదుగా వెళ్లేదే. ఆ రాత్రి విశాఖ, రాజమండ్రి, విజయవాడ స్టేషన్లలో హెల్ప్‌లైన్లు పెడితే తెలుగు కుటుంబాలెన్నో ఫోన్ల దగ్గరే కూర్చున్నాయి.

51 గంటల్లో లైను తెరిచారు. ఆ పని చేసిన సిబ్బందికి దండం పెడతాను. అది ఎంత కష్టమైన పనో బయటివాళ్లకు తెలియదు. ముందు పైనున్న కరెంటు తీగల్లో సరఫరా ఆపి, వాటిని పక్కకు లాగితే తప్ప క్రేన్ చెయ్యి పైకి లేవదు. 140 టన్నుల క్రేన్ అంటే ఎక్కడున్నా 140 టన్నులూ ఎత్తుతుందని జనం అనుకుంటారు. నిజానికి క్రేన్ చెయ్యి దూరం చాపేకొద్దీ అది ఎత్తగలిగే బరువు తగ్గిపోతూ వస్తుంది. పట్టాల పక్కనే ఉన్న ఇంజిన్‌ను ఎత్తడం ఒక ఎత్తు, గట్టు దిగి పొలంలో పడ్డదాన్ని ఎత్తడం ఇంకో ఎత్తు. దానికి రెండు క్రేన్లు కావాలి, లేదా కింద తాత్కాలికంగా పట్టాలు పరిచి మెల్లగా లాక్కురావాలి. లైను మూసి ఉన్నంతసేపూ వెనక వందల బండ్లు ఆగుతాయి, ప్రయాణికులు ఇబ్బంది పడతారు. కాబట్టి అడ్డొచ్చిన దాన్ని పక్కకు నెట్టి ముందు దారి ఇవ్వడం తప్పు కాదు. ఆ గంటల్లో మీ వాళ్లు చేసే పని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

నా బాధ ఆ తర్వాతి రోజుల గురించి. లైను తెరిచాక క్రేన్లు తిరిగి షెడ్డుకు వెళ్లిపోతాయి, పెద్ద అధికారులూ వెళ్లిపోతారు. ఇంజిన్ ఉండిపోతుంది. విచారణ ముగిసేదాకా కదపకూడదని కొన్నాళ్లు, క్రేను ఖాళీ లేదని కొన్నాళ్లు, పని కోసం బండ్లు ఆపే లైన్ బ్లాక్ దొరకలేదని ఇంకొన్నాళ్లు. ఈలోపు చుట్టూ తుమ్మ మొలుస్తుంది. కిటికీలోంచి చూసే ప్రయాణికుడికి అదొక వింత. ఆ ప్రమాదంలో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు అదే లైను మీద మళ్లీ ప్రయాణం చేయాల్సి వస్తే, వాళ్ల సంగతేంటి?

అన్నిటికన్నా ముందు, అది సాక్ష్యం. ఇంజిన్‌లో వేగాన్ని నమోదు చేసే పరికరం ఉంటుంది. ఏ క్షణంలో ఎంత వేగం, బ్రేకు ఎప్పుడు పడింది అన్నవి అందులోంచి తీస్తారు. ఆ వివరాల విలువ ఎంతో ఈ మధ్యే చూశాం. 2024 జూన్ 17న పశ్చిమ బెంగాల్‌లోని రంగాపాని దగ్గర ఆగి ఉన్న కాంచన్‌జంగా ఎక్స్‌ప్రెస్‌ను వెనక నుంచి గూడ్సు ఢీకొట్టింది. గూడ్సు డ్రైవర్ చనిపోయాడు. సిగ్నల్ లెక్కచేయకుండా వచ్చాడని మొదటి రోజే మాటలు వచ్చాయి. చనిపోయినవాడు నోరు తెరిచి చెప్పుకోలేడు కదా. రైల్వే భద్రతా కమిషనర్ (సీఆర్‌ఎస్) విచారణలో వేరే సంగతి బయటపడింది. ఆటోమేటిక్ సిగ్నళ్లు పాడైన ఆ సెక్షన్‌లో ఎంత వేగంతో వెళ్లాలో డ్రైవర్లకు సరైన ఆదేశం అందలేదు. ఆ ఉదయం పాడైన సిగ్నళ్లు దాటడానికి అదే రకం అనుమతి కాగితం తీసుకుని ఆ సెక్షన్‌లోకి వెళ్లిన బండ్లలో, గంటకు 15 కిలోమీటర్లకు మించకుండా ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగుతూ వెళ్లింది కాంచన్‌జంగా ఒక్కటే. అంటే లోపం ఒక మనిషిది కాదు, ఆదేశాలు ఇచ్చే పద్ధతిదే. ఏ బండి ఎంత వేగంతో వెళ్లిందో లెక్క దొరక్కపోతే ఈ నిజం తేలేదే కాదు. ఆ డ్రైవర్ ఇంట్లోవాళ్లు జీవితాంతం ఆ మాట మోయాల్సి వచ్చేది.

బహనాగాలోనూ అంతే. కోరమండల్ గంటకు 128 కిలోమీటర్ల వేగంతో, అంటే అనుమతించిన 130 లోపే వెళ్తోందనీ, సిగ్నల్ పచ్చగానే ఉందనీ మీ బోర్డే రెండో రోజున చెప్పింది. లెవల్ క్రాసింగ్ గేటు పని సందర్భంగా సిగ్నల్ సర్క్యూట్ల మార్పులో జరిగిన లోపాలు ఆ తర్వాత సీఆర్‌ఎస్ విచారణలో తేలాయి.

రికార్డు తీసేసుకున్నాం కదా, ఇక ఇంజిన్‌తో పనేముంది అని మీ వాళ్లు అనవచ్చు. అన్నీ ఆ పరికరంలో ఉండవు. బ్రేకు బ్లాకులు ఎంత అరిగాయి, చక్రం అంచు ఎలా ఉంది, బ్రేకు వాల్వు ఏ స్థితిలో ఇరుక్కుపోయింది, క్యాబ్‌లో సీటు ఎంత వెనక్కి నలిగింది, తలుపు తెరుచుకునే వీలుందా లేదా, ఇవన్నీ ఇనుములోనే ఉంటాయి. రెండు వానలు పడితే తుప్పు వాటిని తినేస్తుంది. క్యాబ్ సంగతి ముఖ్యంగా చెప్పాలి. ఢీకొన్నప్పుడు లోపలి మనిషి బతికే చోటు మిగిలిందా లేదా అన్నది ప్రతి ప్రమాదంలోనూ కొలిచి, చిత్తరంజన్‌లో, వారణాసిలో ఇంజిన్లు తయారు చేసేవాళ్ల ముందు పెట్టాలి. తర్వాతి ఇంజిన్ డ్రైవర్ బతుకు దాని మీద ఆధారపడి ఉంది.

ఇక ఊళ్ల సంగతి. పాత డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజిన్‌కు 5,000 లీటర్ల ఆయిలు ట్యాంకు ఉండేది. లూబ్రికేషన్ ఆయిల్ దానికి అదనం. కరెంటు ఇంజిన్‌లో ట్రాన్స్‌ఫార్మర్ నిండా నూనె, బ్యాటరీల్లో రసాయనాలు. బోల్తాపడ్డ ఇంజిన్ నుంచి ఇవి కారితే పోయేది పక్క పొలంలోకో, చెరువులోకో. రైతుకు అది రైల్వే భూమా, తన భూమా అన్న గొడవతో పనిలేదు, వరిమడిలో జిడ్డు తేలితే నష్టం అతనిదే. బహనాగాలో వారం తిరక్కుండానే బోగీల నుంచి వాసన వస్తోందని ఊరివాళ్లు భయపడ్డారు. లోపల ఇంకా ఎవరైనా ఉండిపోయారేమోనని వాళ్ల భయం. చూస్తే అదే ప్రమాదంలో చిక్కుకున్న హౌరా వెళ్లే బండి పార్సిల్ వ్యాన్‌లో కుళ్లిపోయిన కోడిగుడ్లు. గుడ్లే అని తేలినా, ఆ ఊరివాళ్ల మనసుకు ఆ నాలుగు రోజులు ఎలా గడిచి ఉంటాయి! శవాలను ఉంచిన బడి గదుల్లోకి వెళ్లడానికి పిల్లలు భయపడుతున్నారని ఆ గదులనే కూల్చి కొత్తవి కట్టాల్సి వచ్చింది. ప్రమాదపు గుర్తులు కళ్ల ముందు ఉంటే ఒక ఊరు ఎంత నలిగిపోతుందో అక్కడే కనిపించింది.

రాగి గురించి కూడా చెప్పాలి. ఇంజిన్‌లో ఆరు ట్రాక్షన్ మోటార్లు ఉంటాయి, వాటి నిండా రాగి తీగ. బారెడు బారెడు కేబుళ్లు ఉంటాయి. కాపలా లేని ఇంజిన్‌ను పేద ఊరి పక్కన నెలల తరబడి పడేస్తే ఏదో ఒక రాత్రి ఎవడో కుర్రాడు కత్తెర పట్టుకుని వస్తాడు. అప్పుడు 1966 నాటి రైల్వే ఆస్తుల చట్టం కింద కేసు, ఐదేళ్ల దాకా జైలు. చట్టం ఉండాల్సిందే, దొంగతనం దొంగతనమే. కానీ ఆ ఇంజిన్‌ను సమయానికి తీసుకెళ్లి ఉంటే ఆ కుర్రాడి జీవితం అలా అయ్యేది కాదు.

షెడ్డుకు చేరిన ఇంజిన్‌కు ఏం జరుగుతుందో రైల్వే ఇళ్లల్లో కాస్త తెలుసు, బయట చాలామందికి తెలియదు కాబట్టి రాస్తున్నాను. దెబ్బతిన్న ఇంజిన్‌ను పట్టాలెక్కించి, చక్రాలు తిరగని స్థితిలో ఉంటే వేరేవి అమర్చి, మరో ఇంజిన్‌తో చాలా తక్కువ వేగంతో లాక్కెళ్తారు. షెడ్డులో అధికారుల బృందం చూసి, బాగుచేయడానికి ఎంత ఖర్చవుతుంది, దానికి ఇంకా ఎన్నేళ్ల ఆయుష్షు మిగిలింది అని లెక్క వేస్తుంది. కరెంటు ఇంజిన్‌కు రైల్వే పెట్టుకున్న ఆయుష్షు 35 ఏళ్లు. కొత్తదైతే వర్క్‌షాపుకు పంపి మళ్లీ నిలబెడతారు. పాతదైతే, లేదా అడుగుచట్రమే వంగిపోతే, ఇక పనికిరాదని కండెమ్ చేస్తారు. పనికొచ్చే మోటార్లు, కంప్రెసర్లు, చక్రాలు తీసి వేరే ఇంజిన్లకు వాడతారు. మిగిలిన డొక్కును లాట్ నంబరు వేసి ఆన్‌లైన్ వేలంలో తుక్కుగా అమ్ముతారు. కొన్నవాళ్లు గ్యాస్ కట్టర్లతో ముక్కలు చేసి తీసుకెళ్తారు. అసలు కదపలేని చోట పడిన ఇంజిన్‌కైతే పడ్డచోటనే ఈ పని జరుగుతుంది.

ఇందులో ప్రతి అడుగుకూ కాగితం ఉంటుంది, సంతకం ఉంటుంది. ఏదీ లెక్క లేకుండా జరగదు. అయితే ఆ లెక్క ఆఫీసు ఫైలు దాటి బయటికి రాదు. 2003 జూలై 2న వరంగల్‌లో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఇంజిన్, రెండు బోగీలతో సహా వంతెన మీది నుంచి కింద రోడ్డు మీద పడింది. కింద వెళ్తున్న వాహనాలు నలిగిపోయాయి. 2005 అక్టోబరు 29 తెల్లవారుజామున వలిగొండ దగ్గర చెరువు తెగి వచ్చిన వరదకు రైలు వంతెన కొట్టుకుపోయి, డెల్టా ప్యాసింజర్ వాగులో పడింది. వంద మందికి పైగా పోయారు. 2012 మే 22న పెనుకొండలో హంపీ ఎక్స్‌ప్రెస్, 2017 జనవరి 21న కూనేరులో హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్. ఈ నాలుగు ఊళ్ల జనం ఆ తేదీలు మర్చిపోలేదు. ఆ నాలుగు ఇంజిన్లలో ఏది మళ్లీ నడిచింది, ఏది తుక్కయింది అని ఆ ఊరివాళ్లు తెలుసుకోవాలంటే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టుకోవాల్సిందే. ఇంత చిన్న విషయానికి దరఖాస్తు ఎందుకు?

శ్రీలంక వాళ్లు ఏం చేశారో చూడండి. 2004 డిసెంబరు 26న సునామీ కొలంబో నుంచి గాలే వైపు వెళ్తున్న రైలును పెరలియ అనే ఊరి దగ్గర ముంచేసింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. ప్రపంచంలోనే అంత ఘోరమైన రైలు దుర్ఘటన మరొకటి లేదంటారు. దాన్ని లాగుతున్న ఇంజిన్ నంబరు 591, పేరు మానిటోబా. కెనడా సాయంతో వచ్చింది కాబట్టి ఆ దేశపు రాష్ట్రం పేరు పెట్టారు. ఆ ఇంజిన్‌ను వాళ్లు తుక్కు చేయలేదు. బాగుచేసి, పక్కల మీద అల బొమ్మ గీసి, మళ్లీ పట్టాలెక్కించారు. సునామీ రోజున జరిగే సంస్మరణకు ఆ ఇంజిన్ పెరలియకు వస్తుంది. ఏ బండికి ఏం జరిగిందో దాచకుండా దాని ఒంటి మీదే రాసుకున్నారు.

బ్రిటన్‌లో ఇంకా పాత సంగతి ఉంది. 1879 డిసెంబరు 28న తుఫాను రాత్రి టే నది వంతెన కూలి రైలంతా నదిలో పడిపోయింది. ఆ ఇంజిన్‌ను నది అడుగు నుంచి తీసి, బాగుచేసి, 1919 దాకా నడిపారు. నడిపినవాళ్లు దానికి డైవర్ అని పేరు పెట్టుకున్నారు. అంటే మళ్లీ నడపడం తప్పూ కాదు, వింతా కాదు. నడుపుతున్నామని చెప్పడమే కావాలి. మన దగ్గర కూడా ప్రమాదంలో దెబ్బతిన్న ఇంజిన్లు బాగుపడి తిరిగి బండ్లు లాగడానికి వస్తాయి. వాటిని తీసుకునే లోకో పైలట్‌కు ఆ సంగతీ, ఏమేం మార్చారో, ఏ పరీక్షలు చేశారో ముందుగా, డ్యూటీ ఎక్కే లాబీలోనే చెప్పండి. చెప్పకపోతే పుకారుగా తెలుస్తుంది. పుకారుతో వచ్చే భయం మనిషిని రాత్రి డ్యూటీలో ఇంకా బాధిస్తుంది.

నేను అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. ఏ ఇంజిన్ ఏ షెడ్డుదో, ఈ నిమిషాన ఎక్కడుందో మీ కంప్యూటర్లలో ఉంటుంది. ప్రాణనష్టం జరిగిన ప్రతి ప్రమాదానికీ ఒక పేజీ ప్రజలకు తెరిచి పెట్టండి. ఇంజిన్ నంబరు, రకం, షెడ్డు, సీఆర్‌ఎస్ దాన్ని పరిశీలించి ఎప్పుడు వదిలారు, ప్రమాద స్థలం నుంచి ఏ తేదీన తీశారు, బాగుచేశారా, కండెమ్ చేశారా. అంతే. సీఆర్‌ఎస్ తుది నివేదిక కూడా అదే పేజీలో పూర్తిగా పెట్టండి. ప్రమాదం జరిగిన రోజు మైకు ముందు చెప్పిన కారణం తర్వాత విచారణలో తప్పని తేలితే, ఆ సంగతి కూడా అంతే గట్టిగా చెప్పండి.

విచారణ అధికారి వదిలిన తేదీ నుంచి ఇంజిన్‌ను తీసుకెళ్లడానికి ఒక గడువు పెట్టుకోండి. అది ఎన్ని రోజులో మీ ఇంజినీర్లకే బాగా తెలుసు, గట్టు కింద పడ్డదానికి ఎక్కువ పడుతుందని నేను ఒప్పుకుంటాను. గడువు దాటితే ఎందుకు దాటిందో రాయండి. ఈలోపు మొదటి రోజే ట్యాంకులో మిగిలిన నూనె తోడేయడం, బ్యాటరీలు తీసేయడం, టార్పాలిన్ కప్పడం, కాపలా పెట్టడం రిలీఫ్ ట్రైన్ పనిలో భాగం కావాలి. పక్క పొలంలో మట్టి పాడైతే రైతు ఎవరి చుట్టూ తిరగాలో అతనికి అక్కడికక్కడే కాగితం మీద రాసివ్వండి.

ఇంకొక కోరిక ఉంది, దీన్ని రైల్వే కుటుంబంలో పుట్టినవాడిగా అడుగుతున్నాను. డ్యూటీలో చనిపోయిన లోకో పైలట్, అసిస్టెంట్ కుటుంబాలు కోరుకుంటే, ఆ ఇంజిన్ నంబరు ప్లేటును తుక్కులో వేయకుండా వాళ్లకు ఇవ్వండి. ఇంట్లో పెట్టుకోవడం ఇష్టం లేనివాళ్లూ ఉంటారు, వాళ్ల ఇష్టం వాళ్లది. అలాంటి వాళ్ల తరఫున షెడ్డులో ఒక గోడ మీద పేరుతో, తేదీతో బిగించండి. స్టేషన్ల ముందు పాత ఆవిరి ఇంజిన్లకు రంగులేసి గద్దె మీద నిలబెట్టే సంస్థకు ఒక పలక బిగించడం కష్టం కాదు.

2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య విశాఖ–పలాస ప్యాసింజర్‌ను వెనక నుంచి విశాఖ–రాయగడ ప్యాసింజర్ ఢీకొట్టింది. 14 మంది చనిపోయారు. వాళ్లలో రాయగడ బండి డ్రైవర్లు, పలాస బండి గార్డు కూడా ఉన్నారు. విశాఖ కేంద్రంగా ఇప్పుడు దక్షిణ కోస్తా రైల్వే జోన్ వచ్చింది. కొత్త జోన్ జనరల్ మేనేజర్ గారు తలుచుకుంటే పైన చెప్పిన పేజీల్లో మొదటిది కంటకాపల్లిదే కావచ్చు. రాయగడ బండి ఇంజిన్‌ను ఎప్పుడు, ఎక్కడికి తరలించారు, ఇప్పుడు అది నడుస్తోందా, లేదా అన్న నాలుగు వాక్యాలు తెలుగులోనూ ఒడియాలోనూ రాసి, విజయనగరం స్టేషన్‌లో కూడా ఒక కాపీ అంటించమని కోరుతున్నాను.

ఇట్లు,
లోకో షెడ్డు కాలనీలో పెరిగిన ఒక ప్రయాణికుడు